గోడ అవతలి లాటే

గోడ అవతల ఎవరో ఎవరినో చంపుతున్నారు.

టైము ఉదయం ఆరూ నలభై. ముందు గుర్రుమని మోటారు చప్పుడు. తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత కేక. సన్నగా మొదలై, పైపైకి పాకి, గొంతు చించుకుని, ముప్ఫై ఎనిమిది సెకన్లు సాగి, ఠక్కున ఆగిపోయింది.

అతను మంచం మీద కళ్ళు మూసుకునే లెక్కపెట్టాడు. నిన్న ముప్ఫై ఆరు. మొన్న నలభై. ఇరవై ఒక్క రోజులుగా ఇదే వరస.

ఇంకొకరైతే పోలీసులకు ఫోన్ చేసేవారు. అతను చెయ్యలేదు. చప్పుళ్ళ సంగతి అతనికి బాగా తెలుసు. అతని ఉద్యోగమే చప్పుళ్ళు చెయ్యడం. సినిమాలో హీరో మెట్లెక్కుతుంటే వినిపించే బూట్లు హీరోవి కావు, ఇతనివి. విలన్ చెయ్యి విరిగిందంటే స్టూడియోలో ఒక క్యారెట్ ప్రాణం పోయిందని అర్థం. ఇక ముద్దులు. ఇప్పటిదాకా తెర మీద అతను నాలుగొందల పైచిలుకు ముద్దులు పెట్టాడు. అన్నీ తన మోచేతికే.

ఆ సోమవారం అతను లేచి, చొక్కా తొడుక్కుని, పక్క ఫ్లాట్ బెల్ నొక్కాడు.

తలుపు తెరుచుకుంది. చేతిలో స్టీలు జగ్గుతో ఒకమ్మాయి. కళ్ళద్దాల నిండా ఆవిరి.

"ఎవరు కావాలండీ?"

"శవం."

"ఏంటీ?"

"రోజూ ఆరూ నలభైకి మీరు ఎవర్ని చంపుతున్నారో చూసి పోదామని వచ్చాను. పక్క ఫ్లాట్ నాది."

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఆవిరి వెనక కళ్ళు పెద్దవే. కోపం కూడా.

"ఓహో, మీరేనా? నేనే వద్దామనుకుంటున్నాను. వారానికి మూడు రోజులు మీ ఇంట్లో హైహీల్స్ టకటకమని నడుస్తాయి. ఒక్క ఆడమనిషీ బయటికి రాదు. ఆ కథేంటి?"

"అది నేనే."

"మీరు..."

"హైహీల్స్. నలభై మూడో సైజు. దొరకడం కష్టం." అని, ఆమె ముఖం చూసి గబగబా కలిపాడు. "ఉద్యోగమండీ! సినిమాల్లో నడకల చప్పుళ్ళు నేనే చేస్తాను. ఇంట్లో ప్రాక్టీస్."

లోపలినుంచి ఒక ముసలి గొంతు వినిపించింది. "ఎవరే అమ్మడూ?"

"పక్కింటాయన బామ్మా! హైహీల్స్ ఈయనవేనట!"

బామ్మ సోఫాలోంచి మెడ సాచి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. చెవి వెనక చిన్న మెషీను. "ఏం అవసరమే? బాగానే పొడుగున్నాడుగా?"

అతను నవ్వు ఆపుకుని అమ్మాయి వైపు తిరిగాడు. "సంగతేంటంటే, మీరు పాలను చంపేస్తున్నారు. కాఫీ మెషీను ఆవిరి గొట్టాన్ని జగ్గు అడుగుదాకా దించేస్తున్నారు. గాలి ఆడక అవి కేకలు పెడుతున్నాయి. చివరి పది సెకన్లు గొంతు బొంగురుపోతోంది. అంటే డెబ్బై డిగ్రీలు దాటిపోయాయి. మాడిన వాసన రావడం లేదూ?"

బామ్మ చప్పట్లు కొట్టింది. "వస్తోంది! నేను రోజూ చెబుతూనే ఉన్నా!"

"నువ్వుండు బామ్మా." ఆమె జగ్గులోంచి పొడుగు ముల్లున్న థర్మామీటరు తీసి అతని ముక్కు ముందు పెట్టింది. "చూడండి. అరవై ఎనిమిది. దీనికి ఆరు డిగ్రీల తేడా ఉంది, తీసేస్తే అరవై రెండు. లాటే కాఫీకి కావలసింది అదే. నేను కొలతల ల్యాబ్‌లో పనిచేస్తాను. ఆసుపత్రుల థర్మామీటర్లు నేను సంతకం పెడితేగానీ రోగి నోట్లోకి వెళ్ళవు. డిగ్రీలు నాకు చెప్పకండి."

"చెవులు నాకు చెప్పకండి. అది డెబ్బై దాటింది."

"అయితే తాగి చెప్పండి." కప్పు ముందుకు జరిపింది.

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "వద్దండీ."

"రుచి చూడకుండానే తీర్పా?"

"చూడక్కర్లేదు. విన్నాను."

తలుపు అతని ముక్కుకు రెండంగుళాల దూరంలో మూసుకుంది. మంచి టేకు తలుపు, చప్పుడు బాగుందని అతను మనసులో రాసుకున్నాడు.

మరునాడే ఆ తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వస్తుందని అప్పుడతనికి తెలియదు.

* * *

మంగళవారం స్టూడియోలో యాడ్ డైరెక్టర్ హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద విసిరాడు.

ముప్ఫై సెకన్ల యాడ్. ఒక కాఫీ పొడి కంపెనీది. మాటల్లేవు, పాట లేదు. తెర మీద ఇంట్లో ఒకరు లాటే చేసుకుంటుంటారు, అంతే. భారమంతా చప్పుళ్ళ మీదే. అతను కాగితం చింపి పాల నురగన్నాడు. హెయిర్ డ్రయ్యర్ తిప్పి ఆవిరన్నాడు. షాంపూ గిలక్కొట్టి జగ్గన్నాడు. పదకొండేళ్ళలో ఎవరూ పట్టుకోలేదు. ఈయన పట్టుకున్నాడు.

"షాంపూ వినిపిస్తోందయ్యా నాకు!"

"కాఫీ షాపుకెళ్ళి నిజమైనదే రికార్డు చేసుకొస్తాను సార్."

"అది షాపు చప్పుడవుతుంది. నాకు ఇల్లు కావాలి. ఇల్లు వినిపించాలి!"

ఆయన వెళ్ళాక స్టూడియో ఓనరమ్మ అతన్ని పిలిచింది. మంచావిడే. అందుకే చెడ్డ విషయాలు చెప్పేటప్పుడు కిటికీ వైపు చూస్తూ చెబుతుంది.

"శుక్రవారం మధ్యాహ్నం దాకా టైమిచ్చాడు బాబూ. నీ వల్ల కాకపోతే నీ గది ఖాళీ చేయించేస్తాను. కంప్యూటర్లో లక్ష చప్పుళ్ళు రెడీగా దొరుకుతుంటే, నలభై జతల చెప్పులకీ ఒక పాత కారు తలుపుకీ అంత గదెందుకని పార్ట్‌నర్లు అడుగుతున్నారు."

నలభై జతల చెప్పులు, ఏడు రకాల నేల, పాత కారు తలుపు. పదకొండేళ్ళుగా అతనికి తెలిసిన ప్రపంచం అదే. ఆ గది పోతే అతను హైహీల్స్ వేసుకునే ఒక మామూలు మనిషి.

సాయంత్రం మళ్ళీ టేకు తలుపు.

"మళ్ళీ శవం కోసమా?" అంది ఆమె.

"లేదండీ. మీ హత్యను రికార్డు చేసుకుంటాను. దయచేసి."

విషయమంతా చెప్పాడు. ఆమె తలుపుకు ఆనుకుని, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే ముందు చూసినట్టు అతన్ని చూసింది.

"అంటే మంచి లాటే అయితేనే మంచి చప్పుడు వస్తుందంటారు."

"అవును."

"నాకు మంచి లాటే రావడం లేదని కూడా మీరే అన్నారు."

"అన్నాను."

"అయితే నేర్పండి. ప్రమోషన్ వచ్చిందని ఈ మెషీన్ కొనుక్కున్నాను. నెల తిరక్కుండా దీని మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటావని బామ్మ అంది. రోజూ కప్పు తీసుకెళ్ళి కిటికీలో మొక్కకు పోస్తోంది. మొక్క చూడండి ఎంత ఏపుగా పెరిగిందో. నాకు ఒళ్ళు మండిపోతోంది."

"ఎన్నింటికి రమ్మంటారు?"

"హత్య టైముకే."

* * *

బుధవారం ఆరుంపావుకు అతను రెండు మైకులు, ఒక రికార్డరు, ప్రతిధ్వని రాకుండా గోడలకు కట్టే మూడు దుప్పట్లతో దిగాడు. ఫ్రిజ్ ప్లగ్ పీకేశాడు. గోడ గడియారం తీసి బామ్మ పరుపు కింద పెట్టాడు.

"ముందు రూమ్ టోన్," అన్నాడు. "ఖాళీ గది చప్పుడు ఒక నిమిషం రికార్డు చెయ్యాలి. ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. దగ్గొస్తే మింగెయ్యాలి."

"ఖాళీ గదికి చప్పుడేంటండీ?"

"ప్రతి గదికీ ఒకటుంటుంది. అది కింద పరవకపోతే మిగతా చప్పుళ్ళన్నీ గాల్లో వేలాడతాయి. ఒక్క నిమిషం. స్టార్ట్."

పన్నెండో సెకనులో కుయ్యిమని ఈల వినిపించింది. ఇద్దరూ బామ్మ వైపు తిరిగారు.

"నా చెవి మెషీనురా అబ్బాయ్. పాతదైపోయింది, దానికి తోచినప్పుడు ఈలేస్తుంది." బామ్మ దాన్ని తీసి డ్రాయర్లో పడేసింది. "ఇక మీరు నన్ను తిట్టుకున్నా నాకు వినబడదు. కానివ్వండి."

మళ్ళీ స్టార్ట్. ఆ చిన్న వంటగదిలో ఇద్దరూ చేతికందేంత దూరంలో, బొమ్మల్లా నిలబడ్డారు. మాట్లాడకూడదు, కదలకూడదు. ఇక మిగిలింది చూడడమే. ఆమె కళ్ళద్దాల మీద ఒక పాల చుక్క ఉంది. అది తుడవాలని అతని చెయ్యి తహతహలాడింది. అతని చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడని ఆమె కనిపెట్టింది. నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. అరవై సెకన్లలో ఎంత టైముంటుందో ఇద్దరికీ మొదటిసారి తెలిసింది.

"కట్," అన్నాడు అతను.

తర్వాత పాఠం. "నేను మాట్లాడితే రికార్డయిపోతుంది. కాబట్టి బల్ల మీద కొడతాను. ఒక్కసారి కొడితే గొట్టం కొంచెం లోపలికి. రెండుసార్లు కొడితే ఆపెయ్యాలి. మొదట గొట్టం కొసను పాల పైపొరకు ఆనించినట్టు పెట్టండి. కాగితం చింపుతున్నట్టు వినిపించాలి. అయిదారు సెకన్లు చాలు. తర్వాత లోపలికి దించి, జగ్గు పక్కకు వంచండి. పాలు సుడి తిరగాలి. అప్పుడిక కేకలుండవు, కూనిరాగమే."

ఆమె మొదలుపెట్టింది. చర్రుమంది, తర్వాత కేక పెట్టింది, తర్వాత బొంగురుపోయింది. అతను టకటకా రెండుసార్లు కొట్టాడు.

ఆమె ఆపలేదు. థర్మామీటరు అరవై ఎనిమిది చూపించాకే ఆపింది.

"కొట్టాను కదండీ!"

"అప్పటికి యాభై తొమ్మిదే. అంటే నిజానికి యాభై మూడు. లాటేకి ఇంకా తొమ్మిది డిగ్రీలు కావాలి."

"మీరు ఆపేసరికి డెబ్బై దాటింది."

"చెవితో వేడి ఎవరైనా కొలుస్తారా?"

"పందెం."

ఆమె విసురుగా ఫ్రీజర్ తెరిచింది. గ్లాసు నిండా ఐసు దంచి, నీళ్ళు పోసి, థర్మామీటరు ముల్లు గుచ్చింది. "కరుగుతున్న ఐసు సున్నా డిగ్రీలు. మా ల్యాబ్‌లో మొదటి పరీక్ష ఇదే. ఇది ఆరు చూపిస్తుంది. చూసి మీరు ఇంటికెళ్ళొచ్చు."

అంకెలు దిగాయి. పది. ఆరు. రెండు. సున్నా. ఆగలేదు. మైనస్ మూడు.

మైనస్ ఆరు దగ్గర నిలబడ్డాయి.

ఆమె ముఖంలో రంగు మారింది. "ఆరు ఎక్కువ చూపిస్తుందనుకున్నాను," అంది మెల్లిగా. "తక్కువ చూపిస్తోంది."

"అంటే ఇన్నాళ్ళూ..."

"డెబ్బై నాలుగు."

"ఈ థర్మామీటరు ఎక్కడిది?"

"మా ల్యాబ్‌లో ఫెయిలైంది. చెత్తబుట్టలోంచి తెచ్చుకున్నాను." కొంచెం ఆగింది. "ఫెయిల్ చేసింది కూడా నేనే."

అతను నవ్వలేదు. ఆ ప్రయత్నంలో అతని చెవులు ఎర్రబడ్డాయి. అది చూసి ముందు ఆమే ఫక్కున నవ్వింది. తర్వాత ఇద్దరూ స్టవ్ గట్టు పట్టుకుని నవ్వారు. ఏమీ వినబడని బామ్మ సోఫాలో కూర్చుని, కళ్ళు చిన్నవి చేసి ఇద్దరినీ శ్రద్ధగా చూసింది.

రెండో ప్రయత్నంలో నురగ సబ్బు బుడగల్లా వచ్చింది. మూడోదాంట్లో జగ్గు పొంగి అతని దుప్పటి తడిసింది. పాలు అయిపోయాయి.

"రేపు వస్తుంది," అన్నాడు అతను.

"రేపు వస్తుంది," అంది ఆమె.

ఇద్దరూ పాల గురించే మాట్లాడుకున్నారని చెప్పలేం.

* * *

అదే సాయంత్రం ఏడున్నరకు బెల్లు అదే పనిగా మోగింది. గుమ్మంలో ఆమె. వెనక బామ్మ.

"మా బామ్మ రోజూ ఒక దయ్యం సీరియల్ చూస్తుంది," అంది ఆమె. మాట చల్లగా ఉంది. కరుగుతున్న ఐసంత చల్లగా. "ఇవాళ పక్కన నేనూ కూర్చున్నాను. బావిలోంచి దయ్యం పైకొచ్చి కేక వేసింది. ముప్ఫై ఎనిమిది సెకన్లు."

అతను మెడలోని హెడ్‌ఫోన్స్ తీసి వీపు వెనక దాచాడు.

"నేను ముందే పట్టానే," అంది బామ్మ ఉత్సాహంగా. "ఈ దయ్యం మన వంటింట్లోదేనన్నాను!"

"గోడకు మైకు పెట్టి రికార్డు చేసుకున్నారా?"

"...అవును."

"ఎప్పట్నించి?"

"మూడో రోజునుంచి. సీరియల్ వాళ్ళు దయ్యం కావాలన్నారు. అంత భయంకరమైన కేక నా జన్మలో వినలేదు. అంటే... మెచ్చుకుంటూ చెబుతున్నాను."

"దాన్ని దయ్యానికి పెట్టుకుని, మళ్ళీ నా ఇంటికొచ్చి గోల అని పోట్లాడారు."

"అప్పటికి నాలుగు ఎపిసోడ్లకు సరిపడా కేక రికార్డయిపోయిందండీ, అందుకని..."

ఇంతకంటే చెత్త సంజాయిషీ అతను కూడా ఎప్పుడూ వినలేదు. అది తన నోటినుంచే వచ్చింది.

"మీకది దయ్యం," అంది ఆమె. "నాకు అది ఇరవై మూడు రోజులుగా నేను ఓడిపోతున్న చప్పుడు. ఒక్క మాట అడిగుంటే నవ్వుకుంటూ ఇచ్చేదాన్ని. రేపు రానక్కర్లేదు."

వెళ్ళిపోయింది. బామ్మ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"దయ్యం మాత్రం బ్రహ్మాండంగా ఉంది అబ్బాయ్," అని గుసగుసగా చెప్పాననుకుని వరండా అంతా వినబడేలా చెప్పింది.

* * *

గురువారం ఆరూ నలభై. గోడ అవతల నిశ్శబ్దం.

ఆరూ నలభై అయిదు. నిశ్శబ్దం.

మూడు వారాలుగా ఏ చప్పుడు ఆగిపోతే బాగుండునని అతను కోరుకున్నాడో అది ఆగిపోయింది. గది మాత్రం ఖాళీ అయిపోయినట్టుంది. రేపు మధ్యాహ్నానికి స్టూడియోలో గది కూడా ఖాళీ అవుతుంది. విచిత్రమేమిటంటే, ఆ క్షణంలో అతను ఆ గది గురించి ఆలోచించడం లేదు.

ఆరూ యాభై రెండు.

చర్ర్‌ర్...

అతను ఎగిరి గోడకు చెవి ఆనించాడు. కాగితం చింపుతున్నట్టుంది. మూడు, నాలుగు, అయిదు. ఇప్పుడు లోపలికి దించాలి. దించడం లేదు. బుడగలొచ్చేస్తాయి. ఆలోచించకుండా గోడ మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

ఆవిరి ఆగిపోయింది. అవతల ఎవరో ఊపిరి బిగబట్టారు. ఆ మాత్రం అతనికి గోడలోంచి కూడా వినబడుతుంది.

తర్వాత అటునుంచి దబ్‌మని ఒక గుద్దు. ఆ గుద్దులో చాలా తిట్లున్నాయి. కానీ దాని వెనకే ఇంకో జగ్గు మొదలైంది.

చర్ర్. అయిదో సెకనులో ఒక దెబ్బ. గొట్టం లోపలికి దిగింది. కేక లేదు. సన్నటి కూనిరాగం అందుకుంది. అతను కళ్ళు మూసుకున్నాడు. పాలు వేడెక్కుతున్న కొద్దీ రాగం కింది స్థాయికి దిగుతోంది. ఇంకొంచెం. ఇంకొంచెం. ఇప్పుడు! రెండు దెబ్బలు.

టక్కున ఆగింది.

పది నిమిషాల తర్వాత అతని గుమ్మం ముందు మూతపెట్టిన కప్పు కనిపించింది. కింద ఒక చీటీ. 'అరవై రెండు. కొత్త థర్మామీటరు. ఐసులో సరిచూసినది. ఇట్లు, దయ్యం.'

అతను మూత తీశాడు. తడి పెయింటులా మెరిసే నురగ. ఒక్క బుడగ లేదు. పైన తెల్లటి గుర్తొకటి. ఆకు కావచ్చు, హృదయం కావచ్చు, చేప కూడా కావచ్చు. అతను రెండో దాన్ని నమ్మడానికి నిర్ణయించుకున్నాడు.

అయిదు నిమిషాలు ఆ కప్పును చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, ఉరికంబం ఎక్కేవాడిలా లేచి నిలబడి, చివరి చుక్కదాకా తాగేశాడు.

సాయంత్రం ఆమె గుమ్మం ముందు కడిగిన ఖాళీ కప్పు ఉంది. అందులో ఒక చీటీ. 'అడక్కుండా తీసుకున్నది తిరిగిచ్చేశాను. ఏడింటికి సీరియల్ చూడండి. క్షమించండి.'

ఏడింటికి దయ్యం బావిలోంచి వచ్చింది. నోరు తెరిచింది. వచ్చింది ఆ పాత కేక కాదు. గొంతు నొప్పితో బాధపడుతున్న మగమనిషి ప్రాణం పెట్టి వేసిన కేక.

"అయ్యో!" అంది బామ్మ. "దయ్యానికి జలుబు చేసిందే!"

ఆమె దిండులో ముఖం దాచుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత లేచి వెళ్ళి గోడ మీద ఒకసారి కొట్టింది. ఒకసారి కొడితే లోపలికి అని అర్థం. అతను వచ్చాడు.

"రేపు ఆరుంపావుకు," అంది.

అతను నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. దయ్యం కేకను పద్దెనిమిదిసార్లు అరిచి రికార్డు చేసిన గొంతు పూర్తిగా పోయింది. తలూపి వెళ్ళిపోయాడు.

* * *

శుక్రవారం. దుప్పట్లు కట్టారు, ఫ్రిజ్ ఆపారు, గడియారం పరుపు కిందికి వెళ్ళింది. బామ్మ చెవి మెషీను డ్రాయర్లో పడుకుంది.

"నిన్నటి కప్పు ఎలా ఉంది?" అని అడిగింది ఆమె, పాలు జగ్గులో పోస్తూ. "ఆ మాట చెప్పనే లేదు."

"బాగుంది," అన్నాడు. గొంతు గరగరలాడుతోంది.

"అంతేనా? ఇవాళ మొదటి కప్పు మీకే ఇస్తాను."

అతని ముఖం చూసి బామ్మ కూడా కంగారుపడింది.

"ఏంటా ముఖం?" అంది ఆమె.

"నాకు పాలు పడవండీ."

జగ్గు గట్టు మీద ఆగిపోయింది. "పడవంటే?"

"చిన్నప్పట్నించీ. చెంచాడు కూడా."

"మరి నిన్న కప్పు నిండా..."

"ఖాళీ కప్పు తిరిగిచ్చాను కదా."

"తాగాక ఏమైంది?"

"అది రికార్డు చెయ్యలేదు."

ఆమె నవ్వలేదు. జగ్గు వదిలేసి అతని వైపు తిరిగింది. "ఎందుకు తాగారు?"

"మీరు ఇరవై నాలుగు రోజులు కష్టపడ్డారు. వినేసి ఊరుకుంటే బాగుండదనిపించింది." ఆమె కళ్ళలోకి చూడలేక హెడ్‌ఫోన్స్ పెట్టేసుకున్నాడు. "టైమైంది. స్టార్ట్."

ఆమె కాఫీ పొడిని గుండ్రటి గిన్నెలో అదిమింది. మెత్తగా, ఒకేసారి. మెషీనులోంచి ఎస్ప్రెసో, చిక్కటి కాఫీ, తేనె తీగలా కప్పులోకి దిగింది. ఆవిరి. కాగితం చిరిగింది. అతను బల్ల మీద వేలు ఎత్తాడు గానీ కొట్టే అవసరం రాలేదు. ఆమే దించింది. పాలు సుడి తిరిగాయి, కూనిరాగం అందుకున్నాయి. ఈసారి ఆమె థర్మామీటరు వైపు చూడలేదు. వింటోంది. ఇద్దరూ ఒకే క్షణంలో తలెత్తారు. ఆమె ఆపింది. అప్పుడు అంకెలు చూసింది.

అరవై రెండు.

జగ్గును గట్టు మీద రెండుసార్లు మెల్లగా తట్టింది. తిప్పింది. పోసింది. కప్పు సాసరు మీద ఆనింది.

అంతవరకు అద్భుతం. అప్పుడు బామ్మ చెయ్యి చాచి ఆ కప్పు అందుకుంది.

అతను గాలిలో చేతులు ఊపాడు. లాభం లేదు. తనకు వినబడకపోతే ఎవరికీ వినబడదని నమ్మే మనిషి బామ్మ. ఇల్లు ఎగిరిపోయేలా ఒక జుర్రు జుర్రింది. కళ్ళు మూసుకుంది. తర్వాత పొట్టలోంచి ఒక నిట్టూర్పు. "ఆఁ...!"

మొక్క వైపు వెళ్ళలేదు. రెండో జుర్రు వేసింది.

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. టేకు పాడైపోయింది. కానీ ఆ కళ్ళలో సంతోషం చూశాక, పోతే పోయింది గది అనుకున్నాడు అతను. ఇంకో టేకు తీద్దామన్నా ఇంట్లో పాలు లేవు.

"రూమ్ టోన్," అన్నాడు. "అరవై సెకన్లు. స్టార్ట్."

ఇద్దరూ నిలబడ్డారు. మొన్నటిలాగే, చేతికందేంత దూరంలో. ఇవాళ అతని గుండీలు సరిగ్గా ఉన్నాయి. ఆమె కళ్ళద్దాలు శుభ్రంగా ఉన్నాయి. చూడ్డానికి వంకలేమీ మిగల్లేదు.

పంతొమ్మిదో సెకనులో ఆమె నోరు తెరిచింది.

"నువ్వంటే నాకిష్టం," అంది.

అతను అరచెయ్యి ఎత్తాడు. మాట్లాడొద్దని.

పదకొండేళ్ళ అలవాటు. బాంబు పడ్డా అరవై సెకన్లు అరవై సెకన్లే. ఆమె నోరు అలాగే ఉండిపోయింది. సిగ్గు వచ్చింది. పోయింది. దాని చోట కోపం వచ్చింది. అరవై రెండు దాటింది, డెబ్బై దాటింది. అతను మాత్రం చెయ్యెత్తి, విగ్రహంలా, చెవులు కణకణ ఎర్రబడుతుండగా నిలబడే ఉన్నాడు. ముప్ఫై. నలభై. యాభై అయిదు.

అరవై.

"కట్."

"సిగ్గులేదూ నీకు!" ఆమె విరుచుకుపడింది. "ఒక ఆడపిల్ల నోరు తెరిచి చెబితే చెయ్యెత్తి ఆపుతావా? నేనేమైనా లారీనా?"

"రూమ్ టోన్ పాడైంది," అన్నాడు అతను బొంగురుగా. "మళ్ళీ తియ్యాలి."

"ఇంతేనా నువ్వు చెప్పేది?"

"కాదు. మళ్ళీ పాడవకూడదని ముందే చెప్పేస్తున్నాను. నాకూ ఇష్టం. హైహీల్స్ ఎవరివని అడిగావు చూడు, అప్పట్నించి." ఆ మాటతో మిగిలిన గొంతు కూడా అయిపోయింది. పెదవులు మాత్రం కదిలాయి. "టేక్ టూ. స్టార్ట్."

నలభై మూడో సెకను దాకా ఆ గది చాలా నిశ్శబ్దంగా ఉంది.

నలభై నాలుగో సెకనులో రికార్డరు మీద ముల్లు ఒక్కసారి ఎగిరి పడింది. చిన్న చప్పుడు. అలాంటిది అతను నాలుగొందలసార్లు చేశాడు. ఒక్కటీ ఇలా రాలేదు.

సోఫాలోంచి బామ్మ గొంతు హాయిగా వినిపించింది.

"నాకు వినబడదు గానీ, కనబడుతుంది కదే అమ్మడూ!"

* * *

మధ్యాహ్నం స్టూడియోలో యాడ్ డైరెక్టర్ కళ్ళు మూసుకుని విన్నాడు. పొడి అదమడం. తీగలా దిగే కాఫీ. చిరిగే కాగితం, కూనిరాగం, జగ్గు తట్టడం, కప్పు సాసరు మీద ఆనడం. తర్వాత జుర్రు. "ఆఁ...!"

అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

డైరెక్టర్ కళ్ళు తెరిచాడు. "ఆ జుర్రు ఎవరిది?"

"పక్కింటి బామ్మగారిది సార్. పొరపాటున..."

"పొరపాటేంటయ్యా? ఇల్లంటే అదే! కాఫీ షాపులో అలా జుర్రే ధైర్యం ఎవరికుంటుంది?" లేచి అతని వీపు మీద చరిచాడు. "ఓకే. ఒక్క సెకను కూడా మార్చకు."

ఓనరమ్మ ఈసారి కిటికీ వైపు చూడలేదు. తిన్నగా అతన్నే చూసి నవ్వింది. "నీ చెప్పులు నీ గదిలోనే ఉంటాయి బాబూ. పార్ట్‌నర్లకు నేను చెబుతాలే."

అతను ఊపిరి వదిలాడు. రికార్డరు ఆపడం మర్చిపోయాడు. ఫైలు రెండో రూమ్ టోన్‌లోకి నడిచింది; పాడైన మొదటిదాన్ని అతను ముందే తీసేశాడు. నిశ్శబ్దం, నిశ్శబ్దం. ఆ తర్వాత స్పీకర్లలోంచి, గది నిండా, ఆ చిన్న చప్పుడు.

ఓనరమ్మ అడుగు ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఆవిడది. "ఇదేంటి? ఇంత సహజమైన ముద్దు నువ్వెప్పుడూ పెట్టలేదే! లైబ్రరీలో పెట్టు. వచ్చే వారం సినిమాకు పనికొస్తుంది."

అతను చప్పున ఆపేశాడు. "లేదు మేడమ్. అది అడక్కుండా వాడకూడదు."

"ఎవర్నయ్యా అడిగేది? నీ మోచేతినా?"

ఆ జవాబు ఎర్రబడ్డ అతని చెవులు చెప్పేశాయి.

శనివారం ఉదయం ఆరూ నలభైకి గోడ అవతల మోటారు గుర్రుమంది. కాగితం చిరిగింది. కూనిరాగం సాగి, సరిగ్గా ఆగాల్సిన చోట ఆగింది. అతను మంచం మీద కళ్ళు మూసుకుని నవ్వుకున్నాడు. పక్కింటి గుమ్మంలో నిన్న సాయంత్రం కొత్తగా దిగిన పాలు పడనివాళ్ళు తాగే ఓట్స్ పాల డబ్బాలు ఎవరికోసమో అతనికి తెలుసు.

గోడ మీద చప్పుడైంది. ఒకటి. రెండు. మూడు.

మూడు దెబ్బలకు వాళ్ళు ఇంకా అర్థం పెట్టుకోలేదు. అతను ఆ మాట అడుగుదామని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.